హాలుతో పాటు ఆ వీధినీ గుర్తుపెట్టుకుందాం

సంపాదకులకు నమస్కారం.

పాత సినిమా హాలు కూల్చేశారని తెలిసినప్పుడల్లా అందులో ఎంతమంది పట్టేవారు, ఏ సినిమా ఎన్ని రోజులు ఆడింది అనే మాట్లాడుకుంటున్నాం. నాకు మాత్రం హాలు వెనక సందు గురించి చెప్పాలని ఉంది. చిన్నప్పుడు టికెట్ కొనే యోగం ఎప్పుడో గానీ పట్టేది కాదు, ఆ సందు మాత్రం రోజూ మాదే.

ప్రొజెక్టర్ రూమ్ కిటికీ అటువైపే ఉండేది. అప్పట్లో తెర మీద వెలుగు బల్బుతో వచ్చేది కాదు, రెండు కార్బన్ కడ్డీల కొసల మధ్య కరెంటు మండితే వచ్చేది. మండేకొద్దీ కడ్డీలు అరిగిపోతాయి కాబట్టి ఆపరేటర్ నల్లద్దంలోంచి చూసుకుంటూ వాటిని దగ్గరికి జరుపుతూనే ఉండాలి, కాస్త ఏమరితే బొమ్మ మసకబారేది, హాలంతా ఈలలూ కేకలూ. రీలు అయిపోయే ముందు తెర కుడి పైమూలన చిన్న చుక్క ఒకటి మెరిసి పోతుంది, అది చూసి రెండో ప్రొజెక్టర్ మోటార్ వేస్తారు, కొన్ని సెకన్లకి ఇంకో చుక్క, అప్పుడు బొమ్మ ఈ మెషిన్‌లోంచి ఆ మెషిన్‌లోకి మారిపోతుంది. హాల్లో కూర్చున్నవాళ్లకి ఆ సంగతే తెలియదు. ఎంత నేర్పు కావాలో చూడండి!

అరిగిన కార్బన్ ముక్కల్ని కిటికీలోంచి కిందికి పారేసేవారు. వాటికన్నా మాకు కావలసింది తెగిన ఫిల్మ్ ముక్కలు. అడుగు ఫిల్మ్‌లో 16 బొమ్మలుంటాయి, తెర మీద సెకనుకి 24 పరుగెడతాయి, అంటే అడుగు ముక్క దొరికినా సెకను సినిమా కూడా కాదు, అయినా మాకది పండగే. మాడిపోయిన బల్బు లోపలిది ఊడదీసి నీళ్లు నింపి, చీకటి గదిలోకి అద్దంతో ఎండ తిప్పి, ఫిల్మ్‌ని తలకిందులుగా పట్టుకుంటే గోడ మీద హీరో నిటారుగా నిలబడేవాడు. కటకాల పాఠం బడిలో చెప్పేనాటికి మాకది తెలిసిన విద్యే.

డైలాగులు గోడల్లోంచి వీధిలోకి వినిపించేవి. సినిమా చూడకముందే సగం మాకు నోటికొచ్చేసేది. రెండో ఆట వదిలాక జనం గుంపులుగా మాట్లాడుకుంటూ నడిచిపోయేవారు, ఆ వేళప్పుడు కూడా ఆడవాళ్లు భయం లేకుండా ఇళ్లకి చేరేవారంటే కారణం ఆ గుంపే. హాలు మూతపడ్డాక రాత్రి తొందరగానే వీధిలో అలికిడి ఆగిపోయింది. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

డిజిటల్ వద్దని నేను అనడం లేదు, బొమ్మ శుభ్రంగా ఉంటోంది, రీళ్లు మోసే బాధ తప్పింది. కానీ పాత మెషిన్లు ఇనుప సామాను కింద పోతున్నాయి. అమ్మేసే ముందు యజమానులు కనీసం ఆ గదిని అది ఉన్నట్టుగా ఫొటోలైనా తీసి పెట్టాలి.

మీ పత్రికకీ ఒక విన్నపం. ఏ హాల్లో ఏ సినిమా, ఎన్ని ఆటలు అని చిన్న అక్షరాలతో వేసిన పాత ప్రకటనలు మీ సంచికల్లో ఉంటాయి. వాటిని వారానికోసారి మళ్లీ వేయండి, పక్కన పాఠకులు పంపిన వీధి ఫొటోలకి, సైకిల్ స్టాండుకి, టికెట్ కౌంటర్ సందుకి కాస్త చోటివ్వండి. కార్బన్ చేత్తో జరిపిన ఆపరేటర్లు చాలామంది ఇప్పుడు పెద్ద వయసులో ఉన్నారు. వాళ్ల దగ్గరికి మీ విలేకరుల్ని ఈ ఏడాదే పంపండి.

ఇట్లు,
మీ పాఠకుడు