ఎప్పుడూ ఆరో స్థానమే

నిషికసాయి, టోక్యో
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

మొన్న మీవాడి గురించి నువ్వు ఫోన్లో అన్న మాట ఇంకా పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. "వాడు ఇంటర్‌లో చేరాడు కదరా, బ్యాటు అటకెక్కించేశా" అన్నావు. నేనేదో అనేలోపే కరెంటు పోయిందంటూ పెట్టేశావు. మళ్లీ చేద్దామంటే ఫోన్లో నన్ను ఎప్పుడు పూర్తిగా మాట్లాడనిచ్చావు గనక? అందుకే ఉత్తరం. కంగారు పడకు, నీతులేం చెప్పను. ఇవాళ చూసిన మ్యాచ్ సంగతి చెప్తా, అంతే.

పొద్దున్నే తోజాయ్ లైన్ ఎక్కి, నిహొంబాషిలో గింజా లైన్‌కి మారి, గాయెన్‌మాయెలో దిగా. అక్కణ్ణుంచి కొంచెం నడిస్తే జింగూ బేస్‌బాల్ స్టేడియం. 1926లో కట్టింది. 1934లో అమెరికా నుంచి బేబ్ రూత్ వచ్చి ఆడింది కూడా ఇక్కడే. ఇప్పుడు దాన్ని కూల్చి దగ్గర్లోనే కొత్తది కడతారట, జనం గొడవ పడుతున్నారు. ఉండగానే ఒకసారి చూసేద్దామని బయల్దేరా.

ఇక్కడ ఆరు యూనివర్సిటీల లీగ్ ఒకటుంది. వాసెదా, కెయో, మెయిజి, హోసెయి, రిక్క్యో, టోక్యో. టోక్యో యూనివర్సిటీ 1925లో చేరాకే ఆరు పూర్తయ్యాయి. ఏటా వసంతంలో ఒక సీజన్, శరదృతువులో ఒకటి. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో తలపడుతుంది, ముందు రెండు మ్యాచ్‌లు గెలిచినవాళ్లకి ఒక పాయింటు. మన టోక్యో వాళ్లు (అప్పుడే 'మన' అనేశా చూడు) ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా టైటిల్ కొట్టలేదు. ఆరింటిలో అలాంటి జట్టు అదొక్కటే. 1998 నుంచి పాతికేళ్లకు పైగా ప్రతి సీజన్‌లోనూ ఆరో స్థానం. మారదు. మన కాలేజీ టీమే నయం, ఒకసారి అవతలి జట్టు బస్సు చెడిపోయి రాకపోతే మనకి వాకోవర్ వచ్చింది కదా!

కారణం పెద్ద రహస్యమేం కాదు. మిగతా యూనివర్సిటీలు చాలావరకు హైస్కూల్ టోర్నమెంట్లలో మెరిసిన కుర్రాళ్లని ఆట చూసి సీటిచ్చి తెచ్చుకుంటాయి. టోక్యోలో ఆ తలుపు లేదు. ఎంత బంతి విసిరినా సరే, దేశంలోకెల్లా కష్టమైన ఎంట్రన్స్ రాయాల్సిందే. మొదటిసారి సీటు రాక మళ్లీ ఏడాది చదివి వచ్చేవాళ్లూ జట్టులో ఉంటారు. అలా మళ్లీ రాసేవాళ్లని ఇక్కడ 'రోనిన్' అంటారు, అంటే దొర లేని సమురాయ్. మనం మాత్రం 'లాంగ్‌టర్మ్ బ్యాచ్' అని చప్పగా ఊరుకున్నాం.

తమాషా ఏంటంటే, జపాన్‌లో బేస్‌బాల్ పుట్టిందే ఈ యూనివర్సిటీ మూలాల్లో. 1872లో హొరేస్ విల్సన్ అనే అమెరికా మాస్టారు, తర్వాత ఈ యూనివర్సిటీగా మారిన బడిలో పిల్లలకి ఈ ఆట నేర్పాడు. మరో పుష్కరానికి, 1884లో, ఆ యూనివర్సిటీ ప్రిపరేటరీ స్కూల్లో మసావొకా షికి చేరాడు. హైకూ కవుల్లో మహా పేరున్నవాడు. ఈయన క్యాచర్, అంటే నీలాగా వికెట్ల వెనక కూర్చునే బాపతు! చదువు పక్కన పెట్టి గ్రౌండ్‌లోనే ఉండేవాడట. బ్యాటర్, రన్నర్ లాంటి మాటలకి ఆయన పెట్టిన జపనీస్ పేర్లే ఇప్పటికీ వాడుతున్నారు. ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లకే క్షయ పట్టుకుంది. మంచాన పడ్డాక కూడా బేస్‌బాల్ మీద పద్యాలు రాసి, 1902లో ముప్పై నాలుగేళ్లకి పోయాడు. సరిగ్గా వందేళ్ల తర్వాత, 2002లో, జపాన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఉయెనో పార్కులో ఆయన పేరుతో ఒక గ్రౌండ్ కూడా ఉంది. నువ్వొస్తే ముందు అక్కడికే.

ఆ ప్రిపరేటరీ స్కూలే తర్వాత ఇచికో అనే హైస్కూల్ అయింది, యూనివర్సిటీకి మెట్టులాంటిది. యొకొహామాలోని అమెరికన్లు జపాన్ వాళ్లతో ఆడమని చాలాకాలం బెట్టు చేసి, 1896 మే 23న చివరికి ఇచికోతో ఆడారు. 29-4తో చిత్తుగా ఓడారు. ఈ తేదీ గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తా.

స్టేడియంలో నా పక్క సీట్లో ఒక పెద్దాయన. ఎనభై దాటి ఉంటాయి. ఒళ్లో స్కోరు పుస్తకం, చాకుతో చెక్కిన పెన్సిల్, అది కింద పడకుండా పుస్తకానికి దారంతో కట్టి ఉంది. గళ్లు బియ్యపు గింజంత. ప్రతి బంతికీ ఒక గుర్తు. టోక్యో ఫీల్డర్ చేతిలోంచి బంతి జారితే అది కూడా శ్రద్ధగా రాసుకుంటున్నాడు, ఇంటి పద్దు రాసినట్టు. నా వచ్చీరాని జపనీస్‌లో మాట కలిపా. ఈ జట్టు ఎప్పుడైనా బాగా ఆడిందా అని అడిగితే పెన్సిల్ కింద పెట్టాడు. 1981 వసంతం! ఒకే సీజన్‌లో వాసెదానీ, కెయోనీ రెండింటినీ ఓడించి పాయింట్లు లాక్కున్నారు. మొత్తం ఆరు విజయాలు. క్యాంపస్‌లోని ఎర్ర గేటు పేరు మీద 'ఎర్రద్వారపు సుడిగాలి' అని పత్రికలు రాశాయట. "మరి ఎన్నో స్థానం?" అన్నా. "నాలుగు" అన్నాడు, మనవాళ్లు 1983 వరల్డ్ కప్ గురించి చెప్పే గొంతుతో.

అన్నిటికన్నా పైకి వెళ్లింది మాత్రం 1946లో. యుద్ధం అప్పుడే ముగిసింది, జింగూ అమెరికా సైన్యం చేతిలో ఉంది, మ్యాచ్‌లు వేరేచోట. టోక్యో వరసగా నాలుగు గెలిచింది. ఆఖరి మ్యాచ్‌లో కెయో చేతిలో 0-1. ఒక్క పరుగు మామా!

ఇక ఓటముల సంగతి. 2010 అక్టోబరులో వాసెదా స్టార్ పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) సైతో యూకి మీద గెలిచారు. హైస్కూల్ రోజుల్లో చేతిరుమాలుతో మొహం తుడుచుకుని దేశమంతా 'హ్యాండ్‌కర్చీఫ్ ప్రిన్స్' అయిపోయినవాడు. ఆ తర్వాత వరసగా 94 ఓటములు. 2013లో ప్రొఫెషనల్ జట్టు యోమియురి జెయింట్స్ పాత హీరో కువాతా మసూమి వచ్చి కోచింగ్ ఇచ్చినా తీరు మారలేదు. లెక్క వేసి చూడు, 2011 ఏప్రిల్‌లో చేరిన బ్యాచ్ 2015 మార్చిలో డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోయింది. నాలుగేళ్లు ప్రాక్టీసు చేశారు, ఒక్కటంటే ఒక్క లీగ్ మ్యాచ్ గెలవకుండానే వెళ్లారు. వాళ్లు గేటు దాటిన రెండు నెలలకి, 2015 మే 23న, మామూలుగా తొమ్మిదితో ముగిసే ఆటని పదో ఇన్నింగ్స్ దాకా లాగి హోసెయిని 6-4తో ఓడించారు జూనియర్లు. అవును, అదే తేదీ. ఆ రాత్రి ఆ సీనియర్లు ఏ ఆఫీసులో కూర్చుని స్కోరు చూసుకున్నారో, నవ్వారో ఏడ్చారో. నాకు మాత్రం వాళ్లే గుర్తొస్తున్నారు, గెలిచినవాళ్లు కాదు.

తర్వాత అడపాదడపా కొన్ని గెలిచినా మళ్లీ మామూలే. 2017 చివర్నుంచి వరసగా 64 ఓటములు, 2021 మే 30న మళ్లీ హోసెయి మీదే 2-0. పాపం హోసెయి! మధ్యలో మియదాయి కొహెయి అని ఒక లా స్టూడెంట్ 2017లో ప్రొఫెషనల్ జట్టుకి ఎంపికయ్యాడు. ఈ యూనివర్సిటీ నుంచి ప్రొఫెషనల్ అయినవాళ్లలో అతను ఆరోవాడు. ఆరు అంకె వీళ్లని వదలదు.

ఇవాళా ఓడారు. ఎనిమిదో పరుగు తర్వాత నేను లెక్క మానేశా. అయినా మ్యాచ్ అయ్యాక ఇద్దరి వైపు నుంచీ డ్రమ్ములు మోగాయి, నల్ల యూనిఫాం కుర్రాళ్లు గొంతు పగిలేలా పాట పాడారు. క్యాచర్ కుర్రాడు ముసుగు తీసి, మట్టి కొట్టుకున్న మోకాళ్లతో స్టాండ్ వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టాడు. పెద్దాయన ఆఖరి గడి నింపి, పెన్సిల్‌కి దారం చుట్టి, "ఇవాళ హిట్లు బాగానే కొట్టారు" అని లేచాడు.

ఇంకో మాట. మన సంగారెడ్డి దగ్గర ఐఐటీ హైదరాబాద్ ఉంది చూడు, దానికి జపాన్ సాయంతో పాటు ఈ టోక్యో యూనివర్సిటీతో కూడా బాగా రాకపోకలున్నాయి. మీవాడికి అక్కడ సీటొచ్చి ఇటు వచ్చాడే అనుకో, నేనే జింగూకి తీసుకెళ్తా. పెద్దాయన పక్కన కూర్చోబెడతా.

అన్నట్టు, ఆ బ్యాటు విల్లోదే కదా? అటక మీద ఎండకి చెక్క పగులుతుందిరా. దించి అవిసె నూనె పలచగా రాయి. మరీ ఎక్కువ పోయకు, బరువెక్కుతుంది. రాసే పని వాడికే చెప్పు, నీకు చేతకాదు.

ఇట్లు,
మొదటి ఓవర్లోనే వెనక్కొచ్చే నీ ఓపెనర్