బ్రిడ్జ్ హౌసింగ్‌కు మనవాళ్లే అడ్డుపడుతున్నారు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇరవై నాలుగేళ్లుగా కాలిఫోర్నియాలో, సిలికాన్ వ్యాలీలో ఉంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది పొద్దున్నే ఫోన్‌లో మీ పత్రిక చదువుతారు. వాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది, మీ ద్వారా చెబుతున్నాను.

గత నెల మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పిటిషన్ వచ్చింది. మా ఇళ్లకు మైలు దూరంలో ఉన్న పాత మోటెల్‌ను కౌంటీ (ఇక్కడి జిల్లా ప్రభుత్వం) తీసుకుని, మానసిక జబ్బులతో, మత్తు వ్యసనాలతో రోడ్డున పడ్డవాళ్లకు బ్రిడ్జ్ హౌసింగ్ అనే పథకం కింద తాత్కాలిక వసతి ఇవ్వబోతోందట, దాన్ని ఆపాలట. రాత్రికల్లా చేరిన సంతకాల్లో సగానికి పైగా మనవాళ్లవే. పిల్లలు సైకిళ్ల మీద తిరిగే దారి అని ఒకరు, ఇళ్ల ధరలు పడిపోతాయని ఒకరు, పిచ్చివాళ్లను తెచ్చి మన నెత్తిన పెడుతున్నారని ఇంకొకరు. వీళ్లు చెడ్డవాళ్లు కారు. మా అమ్మాయి పెళ్లికి వారం రోజులు మా వంటింట్లో నిలబడి వండిపెట్టినవాళ్లు ఇందులో ఉన్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ పథకం ఏమిటో చెప్పాలి. కాలిఫోర్నియా ప్రభుత్వం 2022 సెప్టెంబరులో దీనికి చట్టం చేసి, 2027 జూన్ 30 దాకా ఖర్చుపెట్టేలా 150 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బులో పెద్ద భాగం కౌంటీల మానసిక ఆరోగ్య విభాగాలకు వెళ్తుంది. ఇల్లు లేక, పైగా తీవ్రమైన మానసిక జబ్బో వ్యసనమో ఉన్నవాళ్లకు ఒక గది, చిన్న ఇల్లు, అద్దె సాయం, లేదా ఆలనాపాలనా చూసే వసతి గృహంలో చోటు ఇస్తారు. శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా నిలబడే చోటన్నమాట. బ్రిడ్జ్ అన్న పేరు అందుకే.

గదికీ జబ్బుకూ సంబంధమేమిటని ఒక మిత్రురాలు అడిగింది. నాకు మా చిన్నాన్న గుర్తొచ్చారు. ఆయనకు ఇరవై రెండో ఏట స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చింది. తెనాలిలో మా ఇంటి వసారా చివర గది ఆయనది. నాయనమ్మ పొద్దున్నే కాఫీతోపాటు మాత్ర ఇచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. నెలకోసారి నాన్నగారు గుంటూరు తీసుకెళ్లి డాక్టరుకు చూపించి తెచ్చేవారు. జబ్బు తిరగబెట్టి అర్ధరాత్రి వీధిలోకి వెళ్లిపోతే, కిళ్లీ కొట్టు అతనో రిక్షావాళ్లో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టేవాళ్లు. నాయనమ్మ పోయాక ఆ మాత్ర ఇచ్చే పని పెద్దమ్మ అందుకుంది. చిన్నాన్న డెబ్బై ఏళ్లు బతికారు. మందు పనిచేసిందంటే ఆ గది ఉండబట్టే, ఆ గది దగ్గరకు రోజూ ఒక మనిషి వెళ్లబట్టే.

ఇక్కడ వాగు ఒడ్డున గుడారంలో ఉన్న మనిషికి ఇవేవీ లేవు. నగర సిబ్బంది వచ్చి గుడారాలు ఎత్తేసినప్పుడు మాత్రల సీసా, ఐడీ కార్డు, కళ్లజోడు అన్నీ చెత్త లారీలోకి పోతాయి. ఐడీ పోతే ఏ కాగితమూ కదలదు, అంతా మళ్లీ మొదటికొస్తుంది. రోజూ మాత్ర మింగక్కర్లేకుండా నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఇప్పుడున్నాయి. కానీ నర్సు ఇంజెక్షన్ పట్టుకుని వచ్చేసరికి ఆ మనిషి అక్కడ ఉండాలి కదా!

శనివారాలు నేనూ నా స్నేహితురాళ్లూ ఇలాంటి ఒక వసతికి భోజనం పట్టుకెళ్తుంటాం. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రెండు మూడు వారాలు బూట్లు వేసుకునే పడుకుంటారని అక్కడివాళ్ల బాగోగులు చూసే కేస్ మేనేజర్ చెప్పింది. బయట విప్పి పడుకుంటే తెల్లారేసరికి బూట్లుండవు. ఎవరైనా బూట్లు విప్పి మంచం కింద పెట్టుకుంటే ఆమె ఆ తేదీ రాసిపెట్టుకుంటుందట. డాక్టరు దగ్గరకు వెళ్దామంటే సరేననేది ఎక్కువగా ఆ తర్వాతేనట.

"ఎక్కడెక్కడి వాళ్లనో ఇక్కడికి తెస్తున్నారు" అన్నది గ్రూపులో ఎక్కువసార్లు కనిపించిన మాట. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2023లో ప్రకటించిన అధ్యయనం చూడండి. రాష్ట్రంలో ఇల్లు లేనివాళ్లలో నూటికి 90 మంది ఇల్లు పోగొట్టుకున్నది కాలిఫోర్నియాలోనే. నూటికి 75 మంది చివరిసారి ఇల్లున్న కౌంటీలోనే ఇప్పటికీ ఉన్నారు. రోడ్డున పడకముందు ఆరు నెలల్లో వాళ్ల కుటుంబ ఆదాయం మధ్యస్థంగా నెలకు 960 డాలర్లు. ఆ డబ్బుకు మా వైపు ఒక గది కూడా అద్దెకు రాదు. వీళ్లు మన పొరుగువాళ్లే.

ఇంకొక సంగతి మనవాళ్లకు తప్పక చెప్పాలి. శాంటా క్లారాలో ఆగ్న్యూస్ అని ఒకప్పటి మానసిక వైద్యశాల ఉండేది. 1906 భూకంపంలో అది కూలి వంద మందికి పైగా రోగులు, సిబ్బంది చనిపోయారు. మళ్లీ కట్టారు, దశాబ్దాలు నడిపారు. అలాంటి పెద్ద ఆసుపత్రుల్లో మనుషుల్ని ఏళ్ల తరబడి బంధించడం అన్యాయమని 1967లో లాంటర్‌మన్, పెట్రిస్, షార్ట్ అనే ముగ్గురు శాసనసభ్యుల పేర్లతో రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ చట్టం రావాల్సిందే. ఆసుపత్రుల బదులు ఊళ్లలోనే వైద్యం, వసతి ఇస్తామన్న మాట మాత్రం సగంలో ఆగిపోయింది. ఆగ్న్యూస్ ఆవరణలో 1990ల చివర సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ కంపెనీ కార్యాలయాలు కట్టింది, 2010 నుంచి అవి ఒరాకిల్‌వి. మనవాళ్లు ఎంతోమంది అక్కడ ఉద్యోగాలు చేశారు. నేనూ ఆరేళ్లు ఆ పాత చెట్ల కింద కూర్చుని మధ్యాహ్నం క్యారేజీ విప్పుకున్నాను. ఆ నేల మీద జీతం తీసుకున్న నేను, ఒకప్పుడు అక్కడ పడకలున్నవాళ్లలాంటి మనిషికి మైలు దూరంలో గది వద్దని ఏ మొహంతో సంతకం పెట్టను?

తరిమేస్తే సరిపోతుందనేవాళ్లూ ఉన్నారు. బయట పడుకునేవాళ్లను నగరాలు శిక్షించవచ్చని 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చాలా నగరాలు బహిరంగ స్థలాల్లో పడుకోవడాన్ని నిషేధించాయి. మన తెలుగువాళ్లు బాగా ఉన్న ఫ్రీమాంట్ 2025 ఫిబ్రవరిలో చేసిన నిషేధంలో గుడారాలవాళ్లకు తోడ్పడినవారినీ శిక్షించే మాట ఉంటే, గొడవై తర్వాత తీసేశారు. అదే ఫ్రీమాంట్‌లో ఇల్లు లేనివాళ్లకు తాత్కాలిక వసతి ఇచ్చే నావిగేషన్ సెంటర్ ఎక్కడ పెట్టాలన్నదానిపై 2019లో పెద్ద రగడ జరిగింది. చివరికి 2020లో దాన్ని సిటీ హాల్ వెనకాలే తెరిచారు. నగర పాలకులు తమ పెరట్లో పెట్టుకున్నదాన్ని మనం మైలు దూరంలో భరించలేమా?

కౌంటీ చేసేదంతా బాగుందని నేననను. వంతెనకు అవతలి ఒడ్డు ఉండాలి. శాశ్వత ఇళ్లు లేకపోతే జనం నెలల తరబడి ఆ గదుల్లోనే ఆగిపోతారు, బయట వాళ్లకు చోటు దొరకదు. రాత్రిపూట సెక్యూరిటీ గార్డు తప్ప ఎవరూ లేని చోట్లున్నాయి. చిన్నాన్నకు జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా రాత్రిళ్లే, నాకది బాగా తెలుసు. ఇక ఈ పథకం డబ్బు 2027 జూన్‌తో ఆగిపోతుంది. 2024 మార్చిలో ఓటర్లు నూటికి 50 దాటీ దాటని మెజారిటీతో ఆమోదించిన ప్రొపొజిషన్ 1 అనే రాష్ట్ర చట్టం ప్రకారం, పది లక్షల డాలర్లు మించిన ఆదాయం మీద వేసే ఒక శాతం పన్ను నుంచి కౌంటీలకు వచ్చే డబ్బులో 30 శాతం వసతికి పెట్టాలి. ఆ నిబంధన అమలు తేదీ 2026 జూలై 1. అందులోంచి ఈ గదులకు ఎంత ఇస్తారో మా కౌంటీ వాళ్లు ఇంతవరకూ మాకు స్పష్టంగా చెప్పలేదు. పోట్లాడాల్సింది దీనికోసం.

మా కౌంటీ బోర్డు ముందుకు ఈ మోటెల్ విషయం మంగళవారం వస్తోంది. మాట్లాడటానికి ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఇస్తారు. నేను పేరు ఇచ్చాను, సంతకం పెట్టినవాళ్లలో ఇద్దరు కూడా నాతో వస్తామన్నారు. మిగతావాళ్లూ రండి. వద్దనే చెప్పదలిస్తే అదే చెప్పండి. కానీ రాత్రిపూట అక్కడ నర్సు ఉంటారా, 2027 తర్వాత డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు అన్న రెండు ప్రశ్నలు మాత్రం నాతో కలిసి అడగండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శాంటా క్లారా కౌంటీ, కాలిఫోర్నియా