పాలగ్లాసు మీద పడ్డ నింద

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన వారం మీ హెల్త్ పేజీలో "మెదడులో కాల్షియం పెరిగితే అల్జీమర్స్" అని ఇంత పెద్ద హెడ్డింగ్ పెట్టి ఒక ఐటమ్ వేశారు కదా, దాని ఫొటో మా మూసారాంబాగ్ గల్లీ వాట్సాప్ గ్రూపుల్లో రెండ్రోజులు తిరిగి తిరిగి చివరికి మా అమ్మ ఫోన్‌కి చేరింది. లోపలి మేటర్ ఆమె చదవలేదు, అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి. హెడ్డింగ్ ఒక్కటి చదివి, ఎముకల డాక్టర్ రాసిచ్చిన కాల్షియం గోలీల స్ట్రిప్పు తీస్కపోయి చెత్తడబ్బాలో పడేసింది. సరే, గోలీలు మళ్ళీ కొనొచ్చు. కానీ రాత్రి నన్ను వంటింట్లోకి పిలిచి, "నేను రోజు పాలు తాగిపిచ్చినందుకేనా మీ నాయినకు గిట్లయింది?" అనడిగింది. నాకు నోట మాట రాలే.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళ కింద అల్జీమర్స్ అన్నారు. పొద్దున తిన్నది గుర్తుండదు గానీ సాయంత్రం అయిదైతే చాలు, డ్యూటీ టైమైందని లుంగీ మీదే చొక్కా వేసుకుని కూర్చుంటారు, ఖాళీ చేతిలోంచి బొటనవేలితో ఒక్కో టికెట్ చింపుతూ, చిల్లర ఇయ్యమ్మా చిల్లర అంటూ. అందుకే నేను డాక్టర్ని కాకపోయినా ఈ జబ్బు గురించి దొరికిందల్లా చదువుతా, కనపడ్డ డాక్టర్‌నల్లా అడుగుతా.

మీ ఐటమ్‌లో ఉన్నది అబద్ధమేం కాదు, హెడ్డింగే కొంప ముంచింది. మెదడు కణం బయట ఎంత కాల్షియం ఉంటుందో లోపల అందులో దాదాపు 10,000లో ఒక వంతే ఉంటుంది. గండిపేట నిండుగా ఉండి ఇవతల మూసీ ఎండినట్టు అనుకోండి. పక్క కణానికి కబురు పోవాలంటే గేటు లిప్తపాటు తెరుచుకుంటుంది, కాస్త కాల్షియం లోపలికి దూకుతుంది, కబురు పోతుంది, వెంటనే పంపులు ఆ కాల్షియాన్ని తోడి బయటికో లోపలున్న గోదాముకో పంపేస్తాయి. కొత్త సంగతి జ్ఞాపకం పడాలన్నా ఇదే ఆట. అల్జీమర్స్‌లో ఈ ఆటే చెడుతుంది. ఈ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ గుంపులు కణం పొర మీద చేరి గేట్లని పాడుచేస్తాయి, లోపలి గోదాము, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అంటారట, నాకైతే నోరు తిరగదు, అది కూడా కారడం మొదలుపెడుతుంది. కాల్షియం అట్లా లోపలే నిలబడితే కణానికి కరెంటిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి, కణాల మధ్య జాయింట్లు సడలిపోతాయి, పైగా అమిలాయిడ్ ఇంకా ఎక్కువ తయారవుతుంది, దాంతో గేట్లు ఇంకా పాడు. వానాకాలం పైన గేట్లెత్తితే ఏమైతదో మూసారాంబాగ్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లే. దానికి నీళ్ళనే తిట్టుకుంటే ఎట్లా?

కణాల్లో కాల్షియం అదుపు తప్పడమే ఈ జబ్బుకి మూలమన్నది కొత్త మాటేం కాదు, 1980లలోనే అమెరికాలో జావెన్ ఖచతూరియన్ అనే సైంటిస్టు ముందుకు తెచ్చాడు. 1995లో ప్రెసెనిలిన్ జీన్లు దొరికాక దానికి బలమొచ్చింది, ఎందుకంటే ఆ జీన్ చెడిన కుటుంబాల్లో 40, 50 ఏళ్ళకే జబ్బు వస్తుంది, ఆ చెడిన జీన్ ఉన్న కణాల్లో గోదాము అదుపు తప్పడం ల్యాబుల్లో చూశారు. అట్లని అసలు మూలం ఇదే అని ఎవరూ తేల్చలేదు. మీరేమో హెడ్డింగ్‌లో తేలిపోయినట్టే రాశారు.

తమాషా ఏందంటే, నాన్న గోలీల డబ్బాలో రాత్రి గడిలో మెమాంటిన్ ఉంటుంది, అమెరికాలో 2003లో పర్మిషన్ వచ్చిన మందు. ఎన్ఎండీఏ అనే గేటులో అడ్డంగా కూర్చుని అవసరానికి మించి కాల్షియం లోపలికి రాకుండా చూడటమే దాని పని. జబ్బుని పోగొట్టదు, మనిషిని కొన్నాళ్ళు కాస్త కుదురుగా ఉంచితే ఉంచుతుంది. అంటే ఆ గేటుకి కాపలా రెండేళ్ళుగా రోజూ రాత్రి పెడుతున్నది మా అమ్మే.

పాలల్లో, గోలీల్లో వచ్చే కాల్షియం సంగతి వేరు. అది రక్తంలోకి పోతుంది, అక్కడ మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు దాన్ని డెసీలీటర్‌కి 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య పట్టి ఉంచుతాయి, తక్కువైతే ఎముకల్లోంచి లాగుతాయి. గోలీలు మానేస్తే అమ్మకి దెబ్బ పడేది అక్కడ. స్వీడన్‌లో 700 మంది పెద్దవయసు ఆడవాళ్ళని 5 ఏళ్ళు గమనించి 2016లో రాసిన స్టడీ ఒకటుంది, ముందే స్ట్రోక్ వచ్చి కాల్షియం గోలీలు వాడినవాళ్ళలో మతిమరుపు జబ్బు ఎక్కువ కనపడింది, కానీ గోలీల వల్లే వచ్చిందని అది చెప్పలేదు. అట్లాంటివాళ్ళు డాక్టర్‌ని అడగాలి, అంతేగానీ చెత్తడబ్బాలో వేసుడేంది.

ఎముకల డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడించాక అమ్మ తన గోలీలు మళ్ళీ మొదలుపెట్టింది. నాన్నకి మాత్రం ఇంకా పాలు ఇయ్యట్లేదు, రాత్రి గ్లాసు ఖాళీగానే ఉంటోంది. నేనెంత చెప్పినా "పేపర్ల ఏస్తే నమ్ముత" అంటోంది. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి సార్.

ఇట్లు,
మూసారాంబాగ్ నుంచి మీ పాఠకుడు, హైదరాబాద్