మీ డీవీడీ పోయిందని చెప్పాం, తప్పు మా కంప్యూటర్‌ది

జూన్ మొదటి వారం నుంచి జులై 10 దాకా మన షాపుకి డీవీడీ తెచ్చి, "ఇది రీడ్ అవ్వట్లేదండీ, డిస్క్ పోయింది" అన్న మాట విని వెనక్కి వెళ్లినవాళ్లు దయచేసి ఇది ఆఖరిదాకా చదవండి. మొత్తం 14 మందికి అలా చెప్పాం. వాటిలో చాలా డిస్కులు బాగానే ఉండి ఉంటాయి. కౌంటర్ దగ్గరున్న కంప్యూటర్ తనలో ఉన్న డీవీడీ డ్రైవ్‌ని ఉత్తి సీడీ డ్రైవ్ అనుకుంటోంది. అది మేం గమనించలేదు.

ఒక పెద్దావిడ వల్ల ఈ సంగతి బయటపడింది. ఆవిడ తెచ్చింది కూతురి పెళ్లి డీవీడీ, 2009 నాటిది. కాగితం కవరు మీద స్కెచ్ పెన్‌తో రాసిన ముహూర్తం, ఒక మూల పసుపు మరక. పోయిందని చెప్పి పంపిన వారం తిరక్కుండానే మళ్లీ వచ్చారు. "బాబూ, మా మనవడి పాత ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా ఆడుతోంది. ఇంకొక్కసారి చూడు" అన్నారు. అందులో కన్యాదానం చేస్తున్న వాళ్లాయన ఉన్నారు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన మాట్లాడుతూ, తిరుగుతూ కనిపించేది ఆ ఒక్క డిస్కులోనేనట. నా మాట నమ్మి ఆవిడ దాన్ని చెత్తలో వేసి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆవిడ ఎదురుగానే డిస్క్ మళ్లీ వేశాను. ట్రే లోపలికి వెళ్లింది, తిరుగుతున్న చప్పుడు వచ్చింది, ఆగిపోయింది. స్క్రీన్ మీద డిస్క్ పెట్టమని అడుగుతోంది. అప్పుడు కనపడింది: మామూలుగా "డీవీడీ ఆర్‌డబ్ల్యూ డ్రైవ్" అని ఉండాల్సిన చోట "సీడీ డ్రైవ్" అని ఉంది. ఐదు వారాలుగా రోజూ ఆ స్క్రీన్ ముందే కూర్చున్నాను. మనలో చాలామందికి డీవీడీ అయినా సీడీ అనే అలవాటు కదా, నా కళ్లు కూడా ఆ పేరు మీదుగా వెళ్లిపోయాయి.

ఇంకో కారణం కూడా ఉంది. పాటల సీడీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని వచ్చినవాళ్ల పని అదే డ్రైవ్‌లో చక్కగా జరిగిపోతోంది. సీడీ ఆడుతోంది కాబట్టి డ్రైవ్ బాగుంది, డ్రైవ్ బాగుంది కాబట్టి డిస్కే పోయింది అనుకున్నాను. ఆ లెక్క తప్పు. డీవీడీ డ్రైవ్‌లో సీడీకి ఒక లేజర్, డీవీడీకి ఇంకో లేజర్ ఉంటాయి. సీడీ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, కంటికి ఆనదు. డీవీడీది 650 నానోమీటర్లు, ఎర్రగా ఉంటుంది. ఒకటి పనిచేస్తే రెండోది పనిచేస్తున్నట్టు కాదు.

అందుకే ముందు ఎర్ర లేజర్ పోయిందేమో అనుకున్నాను. డ్రైవ్ ఊడదీసి లోపలి గదిలో ఉన్న ఎడిటింగ్ కంప్యూటర్‌కి తగిలిస్తే అదే పెళ్లి డీవీడీ మొదటి ప్రయత్నంలోనే తెరుచుకుంది. డ్రైవ్ తిరిగి కౌంటర్ కంప్యూటర్‌కే పెట్టి, విండోస్ బదులు లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి చూశాను. అక్కడా ఆడింది. అంటే డ్రైవ్ బాగుంది, కేబుల్ బాగుంది, తిక్కంతా విండోస్‌లోనే.

మే నెలాఖరులో ఆ కంప్యూటర్ నుంచి డిస్కులు రాసే పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తీసేశాం. అది పోతూ పోతూ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట, తన ఆనవాలు వదిలేసింది. సీడీ, డీవీడీ డ్రైవ్‌ల విభాగంలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అని రెండు ఉంటాయి. విండోస్‌కీ డ్రైవ్‌కీ మధ్య నిలబడే ప్రోగ్రాముల పేర్లు వాటిలో రాసి ఉంటాయి. తీసేసిన ఆ ప్రోగ్రాము పేరు మా దాంట్లో అలాగే ఉండిపోయింది. రిజిస్ట్రీకి బ్యాకప్ తీసుకుని ఆ రెండూ తీసేశాను, డివైస్ మేనేజర్‌లో డ్రైవ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. విండోస్ దాన్ని కొత్తగా గుర్తుపట్టింది. ఈసారి పేరు సరిగ్గా వచ్చింది.

ఇంట్లో ఇదే చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. రిజిస్ట్రీలో 4డి36ఈ965 (4D36E965)తో మొదలయ్యే విభాగంలో ఉన్నవి మాత్రమే ముట్టుకోండి. ఇవే పేర్లు కీబోర్డుకీ, హార్డ్ డిస్క్ విభాగాలకీ కూడా ఉంటాయి. కనపడినచోటల్లా తీసేస్తే కీబోర్డు పనిచేయదు, ఒక్కోసారి విండోసే లేవదు. చేయి తిరగనివాళ్లు షాపుకి తెచ్చేయండి, ఈ నెలంతా దీనికి డబ్బులు తీసుకోను.

ఇక మన లెక్క. 14 మందిలో 11 మంది ఫోన్ నంబర్లు పుస్తకంలో ఉన్నాయి, అందరికీ నేనే ఫోన్ చేశాను. ఇప్పటికి ఆరు డిస్కులు తిరిగొచ్చాయి, ఐదు పూర్తిగా కాపీ అయ్యాయి. ఆరోది నిజంగానే పోయింది, పై పొర పెచ్చులుగా లేచిపోయింది. మిగతా ముగ్గురి నంబర్లు రాసుకోలేదు. ఇది రాస్తున్నది ముఖ్యంగా వాళ్ల కోసమే. ఒకరు ఓణీల ఫంక్షన్ డిస్క్ తెచ్చారని మా కుర్రాడికి గుర్తుంది.

చెకింగ్‌కి తీసుకున్న 50 రూపాయలు వెనక్కి ఇస్తాం, కాపీ ఉచితంగా చేస్తాం. ఇకపై రెండు వేర్వేరు కంప్యూటర్లలో వేసి చూడకుండా ఏ డిస్కూ పోయిందని చెప్పం. ఏ రెండింటిలో చూశామో చీటీ మీద రాసిస్తాం.

నా మాట విని డిస్క్ పారేసినవాళ్లు ఉంటే, మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాను. పెళ్లి వీడియో అయితే వియ్యాలవారింట్లో ఇంకో కాపీ ఉందేమో ఒకసారి అడగండి, ఆడపెళ్లివారికొకటి మగపెళ్లివారికొకటి తీయించుకోవడం మామూలే. దొరికితే ఎంత గీతలు పడినా తుడవకుండా అలాగే తీసుకురండి. ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా షాపు తీసే ఉంటుంది.