బిహార్ ఓటరు మన మిల్లులో ఉన్నాడు

సంపాదకులకు నమస్కారం.

బిహార్ శాసనసభలోని 243 స్థానాలకు 2025 నవంబర్ 6, 11 తేదీల్లో రెండు విడతలుగా జరగనున్న పోలింగ్ గురించి మీ పత్రికలో వస్తున్న కథనాలను శ్రద్ధగా చదువుతున్నాను. ఎన్డీయేలో భాజపా, జేడీయూ చెరి 101 స్థానాలు తీసుకుని చిరాగ్ పాసవాన్ పార్టీకి 29 ఇవ్వడం, ప్రతిపక్షాల మహాకూటమిలో సర్దుబాటు కుదరక కొన్నిచోట్ల భాగస్వాములే ఒకరిపై ఒకరు నామినేషన్లు వేయడం, చివరికి అక్టోబర్ 23న తేజస్వీ యాదవ్‌ను ముఖ్యమంత్రి అభ్యర్థిగా ప్రకటించడం, అన్నీ వివరంగా రాశారు. కానీ ఆ ఓటర్లలో ఎందరో ఈ రోజు బిహార్‌లో లేరు. మా మిర్యాలగూడ ప్రాంతపు రైస్ మిల్లుల్లో బస్తాలు మోస్తున్నారు, హైదరాబాద్ చుట్టూ లేస్తున్న భవనాల దగ్గర ఇనుము వంచుతున్నారు. వారి ఓటు గురించి రాయాలనే ఈ ఉత్తరం.

నేను ఏటా ఈ మిల్లులకు ధాన్యం తోలే రైతును. వానాకాలం పంట దిగే ఈ రోజుల్లో బిహారీ హమాలీలు లేకపోతే లారీ దించే దిక్కుండదు. పోలింగ్ సరిగ్గా ఈ సమయంలోనే వచ్చింది. వలస వెళ్లినవారు ఓటు వేసి తిరిగి వెళ్లే వీలుంటుందని, బిహారీలు సొంతూళ్లకు వెళ్లి జరుపుకునే ఛఠ్ పండుగ ముగిసిన వెంటనే ఎన్నికలు పెట్టాలని పార్టీలు ఎన్నికల సంఘాన్ని కోరాయి. పండుగ అక్టోబర్ 28తో ముగిసింది. అప్పటి నుంచి తొలి విడతకు తొమ్మిది రోజులు, రెండో విడతకు పద్నాలుగు రోజులు. బస్తాకింత చొప్పున కూలి తీసుకునే మనిషి రెండు వారాలు పని లేకుండా ఊళ్లో కూర్చోగలడా? మా మిల్లులో పండుగకు వెళ్లలేకపోయిన ఒక కుర్రవాడిని అడిగితే, పట్నా దగ్గరి దానాపూర్‌కు వెళ్లే రైలులో జనరల్ బోగీలో నిలబడి వెళ్లి రావడానికే మూడు రోజులు పైగా పడుతుందని, ఆ కూలి పోతే ఇంటికి పంపే డబ్బు ఆగిపోతుందని చెప్పాడు.

ఒక్కో ఓటు విలువ బిహార్‌కు తెలిసినంతగా మరే రాష్ట్రానికీ తెలియదేమో. 2020లో ఎన్డీయేకు 125, మహాకూటమికి 110 స్థానాలు వచ్చినా, రాష్ట్రమంతటా కలిపి రెండు కూటముల మధ్య ఓట్ల తేడా 13 వేల లోపే. హిల్సా స్థానంలో గెలుపు 12 ఓట్లతో తేలింది. ఆ ఎన్నికల్లో ఓటు వేసిన మహిళల శాతం పురుషుల శాతం కంటే దాదాపు అయిదు పాయింట్లు ఎక్కువ. మహిళల్లో చైతన్యం పెరిగిన మాట నిజమే, అందుకు సంతోషించాలి కూడా. అయితే మగవారు ఊళ్లో లేకపోవడం కూడా అందులో ఒక కారణమని మిల్లు దగ్గర నిలబడి చూసేవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ ఏడాది ప్రత్యేక సమగ్ర సవరణ పేరిట ఓటర్ల జాబితాను తిరగరాసినప్పుడు 7.89 కోట్ల పేర్లు ముసాయిదాలో 7.24 కోట్లకు తగ్గాయి. తొలగించిన 65 లక్షల పేర్లలో సగానికి పైగా శాశ్వతంగా తరలిపోయారనో, చిరునామాలో కనిపించలేదనో తీసేసినవే. సుప్రీంకోర్టు ఆదేశించిన తర్వాతే ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టారు. తుది జాబితా 7.42 కోట్ల దగ్గర ఆగింది. కూలి కోసం ఆరు నెలలు ఊరు విడిచిన మనిషికీ, ఊరితో బంధం తెంచుకుని వెళ్లిపోయిన మనిషికీ తేడా గుర్తించడానికి ఇంటి తలుపు తట్టి చూడటం ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం.

ఒక కూటమి ఇంటికో ప్రభుత్వ ఉద్యోగం అంటోంది, మరో కూటమి కోటి ఉద్యోగాలు అంటోంది. వలస ఆపుతామని ఇద్దరూ చెబుతున్నారు. అది జరిగే లోపు, వలసలో ఉన్నవాడు ఉన్నచోటే ఓటు వేసే ఏర్పాటు కోసం గట్టిగా పట్టుబట్టినవారు ఇద్దరిలోనూ నాకు కనబడలేదు. కశ్మీరీ నిర్వాసితుల కోసం జమ్మూలో, ఢిల్లీలో ప్రత్యేక పోలింగ్ కేంద్రాలు పెడుతున్న దేశం మనది. 72 నియోజకవర్గాల ఓట్లను ఒకే చోట వేయించగల యంత్రాన్ని 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీల ముందుంచింది. పార్టీలు లేవనెత్తిన అభ్యంతరాల్లో న్యాయమైనవి ఉన్నాయి. కానీ వాటికి జవాబు వెతకకుండా ఆ పనినే పక్కన పెట్టేశారు. గల్ఫ్‌కు వెళ్లిన మన తెలంగాణ కార్మికుల గతీ ఇదే. వారి తరఫున మరొకరు ఓటు వేసే వీలు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభ దాటి, ఆ తర్వాత మురిగిపోయింది.

ప్రజాప్రాతినిధ్య చట్టం 135-బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజున ఓటరుకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, అది రోజు కూలీకీ వర్తిస్తుంది. ఉల్లంఘించిన యజమానికి జరిమానా 500 రూపాయలకు మించదు. పైగా మిర్యాలగూడలో ఉన్నవాడికి ఆ ఒక్కరోజు సెలవు ఎందుకు పనికొస్తుంది? కనుక మిల్లుల యజమానులు వెళ్లదలచిన హమాలీలను వంతులవారీగా పంపి, తిరిగి వచ్చాక పని ఖాయమని ముందే చెప్పాలనీ, కార్మిక శాఖ అధికారులు ఈ వారంలోనే మిల్లులకు వచ్చి ఆ సెక్షన్‌ను హిందీలో చదివి వినిపించాలనీ కోరుతున్నాను. ధాన్యం దించడం నాలుగు రోజులు ఆలస్యమైతే రైతులుగా మేము ఓర్చుకుంటాం.

ఇట్లు,
ఒక రైతు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా