హైదరాబాద్‌కు ఒక కచేరీ అరీనా కట్టండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో లైవ్ షోలకు సౌండ్ పని చేసేవాణ్ణి. టికెట్ కొని పాట వినే జనం ఈ ఊళ్లో ఎంత పెరిగారో స్టేజీ పక్కన నిలబడి చూస్తున్నాను. వాళ్లందరినీ కూర్చోబెట్టే చోటు మాత్రం పెరగలేదు. ఆ ఒక్క విషయం గురించే ఈ లేఖ.

మనకున్న హాళ్లు ఏవో మీకు తెలియనివి కావు. రవీంద్రభారతిలో సుమారు వెయ్యి మంది పడతారు. శిల్పకళా వేదికలో రెండున్నర వేలు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ఐదు వేల దాకా. అది దాటితే ఇక పెద్ద స్టేడియాలు, ఖాళీ మైదానాలే. పదిహేను వేల మంది పైకప్పు కింద కూర్చుని పాట వినే హాలు, కోటి జనాభా ఉన్న నగరంలో ఒక్కటీ లేదు. అలాంటి పెద్ద హాలునే అరీనా అంటున్నాను. ఒక పేరున్న తెలుగు మ్యూజిక్ డైరెక్టర్ ఇవాళ టూర్ పెట్టుకుంటే కావాల్సింది సరిగ్గా ఆ సైజు హాలే.

అది లేక ఏం జరుగుతోందో చూడండి. 2024 అక్టోబరులో దేవిశ్రీ ప్రసాద్ గచ్చిబౌలి స్టేడియంలో పాడారు. నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జిత్ దోసాంజ్ షో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర జరిగింది. 2025 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ కోసం జనం రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లారు. ఈ మూడు చోట్లలో ఒక్కదానికీ మెట్రో లేదు. షో అయ్యాక వేల మంది ఒకేసారి క్యాబ్ బుక్ చేయబోతే ఆ రోడ్ల మీద ఏమవుతుందో మీ ట్రాఫిక్ పోలీసులను అడిగితే చెబుతారు.

అంతెందుకు, ప్రభుత్వానిదీ అదే పరిస్థితి. 2025 మే 31న మిస్ వరల్డ్ ఫైనల్స్‌ను ప్రపంచమంతా చూసింది. అది జరిగింది హైటెక్స్‌లో. రెండు వారాలకు గద్దర్ పేరిట సినిమా అవార్డులిచ్చారు, అదీ హైటెక్స్‌లోనే. ఎగ్జిబిషన్ల కోసం కట్టిన హాళ్లవి. మా వాళ్లు రాత్రింబవళ్లు కష్టపడి వాటిని వేదికలుగా మారుస్తారు. ఆ పనితనానికి నాకు గర్వమే, కానీ ఎన్నాళ్లని ఇలా?

ఆరుబయట షో అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు ఖర్చంతా అక్కడే ఉంది. అరీనాలో పైకప్పు ఉక్కును టన్నుల కొద్దీ బరువు మోసేలా ముందే డిజైన్ చేస్తారు. స్పీకర్లు, లైట్లు, ఎల్‌ఈడీ తెరలు పైనుంచి వేలాడదీస్తారు. లారీ తిన్నగా స్టేజీ వెనక్కి వచ్చి ఆగుతుంది. పొద్దున సామాను దించితే రాత్రికి షో చేసుకోవచ్చు. మైదానంలో అవేవీ ఉండవు. నేల చదును చేయాలి, స్పీకర్లు, లైట్లు మోసే ఇనుప చట్రాల స్తంభాలు (ట్రస్ టవర్లు) లేపాలి, గాలికి కదలకుండా బరువులు కట్టాలి. జనరేటర్లు, బారికేడ్లు, మంచినీళ్లు, టాయిలెట్లు అన్నీ తేవాలి. కొన్ని రోజులు కష్టపడి ఊరు కట్టి, ఒక్క రాత్రి కాగానే కూల్చేసినట్టు ఉంటుంది. ఆ ఖర్చంతా టికెట్ మీదే పడుతుంది. కాలేజీ పిల్లవాడు స్టేజీ కనపడనంత వెనక నిలబడటానికి కూడా వేలు పెట్టాల్సి రావడానికి ఇదొక పెద్ద కారణం.

దీనికి తోడు చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 దాటితే ఆరుబయట మైకు ఆపాలి. ఆడిటోరియం లాంటి మూసి ఉన్న హాళ్లకే మినహాయింపు. రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, కానీ ఏడాదికి 15 రోజులకు మించి కాదు. మన పండగలకే ఆ రోజులు చాలవు. ఈ నియమం సరైనదేనని నా అభిప్రాయం. మైదానం పక్క ఇళ్లలో ముసలివాళ్లు, పరీక్షలకు చదివే పిల్లలు ఉంటారు. మా స్పీకర్ల శబ్దం వాళ్ల కిటికీల దాకా వెళ్లకుండా ఉండాలంటే మా చుట్టూ గోడలు, పైన కప్పు ఉండాలి.

ఇక వాన సంగతి. 2023 ఆగస్టులో చెన్నైలో రెహమాన్ గారి కచేరీ వాన వల్ల వాయిదా పడింది. సెప్టెంబరులో మళ్లీ పెడితే టికెట్లు ఉన్నవాళ్లే లోపలికి వెళ్లలేక తొక్కిసలాటలో నలిగిపోయారు. జనం చెదిరిపోయే దారులు కాగితం మీద గీసుకుని కట్టిన చోటుకూ, బారికేడ్లతో అప్పటికప్పుడు దారి చేసిన చోటుకూ తేడా అక్కడ తెలుస్తుంది. మన దగ్గర ఎండాకాలం, వానాకాలం పోతే ఆరుబయట షోలకు మిగిలేది చలికాలమే. మిగతా నెలల్లో మా కుర్రాళ్లకు సరిగా పని ఉండదు.

స్టేడియాలున్నాయి కదా అంటారేమో. గచ్చిబౌలి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. అది ఆటగాళ్ల సొత్తు. 2024లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో కచేరీ అయ్యాక ట్రాక్ నిండా చెత్త, విరిగిన క్రీడా సామగ్రి చూసి అథ్లెట్లు బాధపడ్డారు. వాళ్ల బాధ న్యాయమైనది. కె-పాప్‌ను ప్రపంచమంతటికీ పంపిన కొరియాకే ఈ తిప్పలు తప్పలేదు. సియోల్‌లో జంసిల్ ఒలింపిక్ స్టేడియాన్ని మరమ్మతులకు మూసేస్తే పెద్ద కచేరీలు ఫుట్‌బాల్ మైదానానికి వెళ్లాయి. గడ్డి పాడైందని ఫుట్‌బాల్ అభిమానులు మండిపడ్డారు. అంత పెద్ద పరిశ్రమ పెరిగాక చోటు వెతుక్కోవడం ఎంత కష్టమో అక్కడ కనిపిస్తోంది. మనం ఇప్పుడే మొదలుపెడదాం.

డబ్బు గురించి ఒక్క మాట. 500 రూపాయలు దాటిన కచేరీ టికెట్ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అందులో సగం రాష్ట్రానిదే. హోటళ్లు, క్యాబ్‌లు, భోజనాల మీద వచ్చేది దానికి అదనం.

కానీ విదేశీ స్టార్ల కోసమే దీన్ని కట్టమని నేను అడగడం లేదు. ఊళ్లో కూర్చుని పాట తీసి యూట్యూబ్‌లో పెడితే కోట్ల మంది చూసే జానపద గాయనీగాయకులు తెలంగాణలో ఉన్నారు. ఉద్యమ కాలంలో ధూం ధాం వేదికల మీద జనాన్ని కూడగట్టిన పాట వారసులు వాళ్లు. వాళ్లకు దొరికేది ఫంక్షన్ హాలు, నాసిరకం మైకు. అరీనాలో సగం హాలును తెర దించి చిన్నది చేసే ఏర్పాటు ఉండాలి. ఏడాదిలో కొన్ని తేదీలు తక్కువ అద్దెకు తెలుగు, దక్కనీ కళాకారులకే ఉంచాలి. ప్రైవేటు భాగస్వామికి ఇచ్చినా ఈ షరతు ఒప్పందంలో రాసి ఉండాలి. పెళ్లిళ్లకు ఎక్కువ గిట్టుబాటు అవుతుందని దాన్ని పెళ్లిమండపం చేయకూడదనీ రాయాలి. ఇది జరిగే ప్రమాదం ఉంది కాబట్టే చెబుతున్నాను.

ఎక్కడ కట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ప్రభుత్వం ఊరి దక్షిణాన కట్టాలనుకుంటున్న కొత్త నగరం ఫ్యూచర్ సిటీలో పెడదామనే ఆలోచన వస్తే, మెట్రో అక్కడికి చేరేదాకా ఆగండి. ఇప్పటికే మెట్రో నడుస్తున్న ఉప్పల్, నాగోల్ వైపు చూడండి. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే పార్కింగ్ గొడవ సగం తగ్గుతుంది. షో ఉన్న రోజు చివరి రైలు సమయం పొడిగిస్తే ఆడపిల్లలను పంపే తల్లిదండ్రుల టెన్షన్ కూడా తగ్గుతుంది.

మంత్రి గారూ, వచ్చే బడ్జెట్‌లో దీని ప్రాజెక్టు నివేదికకు నిధులు కేటాయించండి. ఆర్కిటెక్టు గీత గీయకముందే సౌండ్, లైటింగ్, రిగ్గింగ్ (పైకప్పుకు సామాను వేలాడదీసే) పనివాళ్లను కూర్చోబెట్టి అడగండి. హాలు కట్టాక ప్రతిధ్వని పోగొట్టడం చాలా కష్టం, కప్పు మోయలేని బరువును తర్వాత మోయించలేం. మేము ఫీజు అడగం. మీ కార్యాలయం ఏ రోజు రమ్మంటే ఆ రోజు కొలతలు, లెక్కలతో వస్తాం.

భవదీయుడు,
ఒక లైవ్ సౌండ్ ఇంజినీర్,
హైదరాబాద్