వచ్చే నెల బ్యాచ్ గురించి, లెక్కల ఫిర్యాదు గురించి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మన ఆఫీస్ ఇంగ్లీష్ క్లాసులకు వచ్చేవాళ్లందరికీ నమస్తే.

"ఇంగ్లీష్ కోసం ఫీజు కడితే లెక్కలు చెబుతున్నారేంది సార్" అని సాయంత్రం బ్యాచ్‌లో కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. జవాబు మాత్రం నచ్చకపోవచ్చు: వచ్చే నెల నుంచి ఆ లెక్కలు ఇంకా పెంచుతున్నాం.

మీలో చాలామంది మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో అకౌంట్స్ చూస్తారు, హాస్పిటల్ బిల్లింగ్‌లో ఉంటారు, ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీలకు పనిచేస్తారు. మీటింగ్‌లో గ్రాఫ్ చూపించి నాలుగు ముక్కలు చెప్పమంటేనే మీకు టెన్షన్. అక్కడ దొరికిపోయేది ఎక్కువగా గ్రామర్‌లో కాదు, అంకెలో.

సాగర్ నీటిమట్టమే తీసుకోండి. 570 అడుగుల నుంచి పూర్తి మట్టం 590కి చేరితే ‘రోజ్ బై 20 ఫీట్’ అనాలి, లేదా ‘రోజ్ టు 590 ఫీట్’ అనాలి. ‘రోజ్ బై 590’ అంటే నీళ్లు డ్యామ్ మీది నుంచి పోవాల్సిందే. 590 అనేది సముద్రమట్టం నుంచి కొలిచే లెక్క, డ్యామ్ ఎత్తే అంత లేదు!

ఇంకా చిక్కు శాతాలతో. మిల్లులో నూక 20 శాతం నుంచి 25 శాతానికి పోతే పెరిగింది 5 పర్సంటేజ్ పాయింట్లు. ‘5 పర్సెంట్ పెరిగింది’ అని మెయిల్ పెడితే, లెక్క తెలిసిన మేనేజర్ 20 కాస్తా 21 అయిందనుకుంటాడు. నిజానికి ఆ పెరుగుదల 25 శాతం. దీనికి రెండు క్లాసులు పట్టినా సరే, తొందరపడం.

‘స్కైరాకెటెడ్’ (ఆకాశాన్నంటింది), ‘ప్లమ్మెటెడ్’ (ఒక్కసారిగా పడిపోయింది) లాంటి మాటల షీటు ఇక ఇవ్వం. రెండు శాతం కదలికకు ‘స్లైట్లీ’ చాలు. అయిపోయిన నెలకు ‘సేల్స్ ఫెల్ ఇన్ జూన్’, ఇప్పటిదాకా సాగుతున్నదానికి ‘హావ్ ఫాలెన్ సిన్స్ జూన్’. వానలు పడ్డ నెలలోనే అమ్మకాలు తగ్గాయని ‘డ్యూ టు రెయిన్స్’ అని రాసెయ్యకండి, రుజువు అడుగుతారు.

బ్యాచ్‌లో మందిని తగ్గిస్తున్నాం కాబట్టి ఫీజు కొంచెం పెరుగుతుంది. ఇప్పటికే కట్టినవాళ్లకు పాత ఫీజే. ఉద్యోగం గ్యారంటీ అని ఇదివరకు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పం. మాట్లాడటం మాత్రమే కావాలనుకుంటే ఉదయం బ్యాచ్ అట్లనే ఉంటుంది, మారేవాళ్లు ఈ వారంలో చెప్పండి. మొదటి రోజు మీ ఆఫీస్ షీటు ఒకటి తెచ్చుకోండి, అందులో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి.